ఫారిన్ ట్రిప్ కోసం కొత్త ఫోన్ కొనొద్దు, ఆ డబ్బుతో ద్రాక్ష తోటలో ఇంకో రాత్రి ఉండండి

సెప్టెంబర్ చివర్లో అమ్మని, నాయనని తీసుకొని ఏడు రోజులు పోర్చుగల్ వెళ్దామని ప్లాన్ చేస్తున్నా. లిస్బన్, పోర్టో, ఆ తర్వాత డోరో నది లోయలో ద్రాక్ష తోటలు. బెంగళూరు ఆఫీసులో ఈ మాట చెప్పగానే అందరూ అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "ఫొటోలకి ఏ ఫోన్ కొంటున్నావ్ మరి?"

నిజం చెప్పాలంటే నేనూ కొందామనే అనుకున్నా. 65 వేల ఫోన్ ఒకటి రెండు వారాలు నా కార్ట్‌లోనే ఉంది. ఇప్పుడున్న ఫోన్‌కి మూడేళ్లు. బ్యాటరీ హెల్త్ 84 శాతం. టెలిఫొటో లెన్స్ లేదు. "జీవితంలో ఒక్కసారి వెళ్లే ట్రిప్" అనే సాకు కూడా రెడీగా ఉంది. చివరికి కార్ట్‌లోంచి తీసేశా. ఎందుకు తీసేశానో, మీరు కూడా ఇలాంటి ట్రిప్ ప్లాన్ చేస్తుంటే ఎందుకు తీసేయాలో చెప్తా.

ఏఐ 20 సెకన్లలో ఇచ్చిన ప్లాన్

ఒక ఆదివారం ఆదోనిలో ఇంట్లో ఉన్నా. ఉగ్గాని, మిరపకాయ బజ్జి తింటూ ఒక ఏఐ చాట్‌బాట్‌ని అడిగా: ఏడు రోజులు, పోర్చుగల్, రెండు సిటీలు, ద్రాక్ష తోటల ప్రాంతం, అమ్మానాన్నలతో. వెంటనే నీట్‌గా టేబుల్ వేసి ఇచ్చింది. మొదటి రోజు లిస్బన్, రెండో రోజు సింట్రా, మూడో రోజు ఎవోరా, నాలుగో రోజు ఫాతిమా, కొయింబ్రా, ఐదో రోజు పోర్టో, ఆరో రోజు డోరో డే ట్రిప్, ఏడో రోజు షాపింగ్ చేసుకొని రిటర్న్.

చూడ్డానికి సూపర్‌గా ఉంది. అదే ఊపులో నాయనకి చదివి వినిపించా. ఆయన అంతా విని, "అన్నీ బాగుండాయి గానీ, కూచునేది ఎప్పుడప్పా?" అన్నాడు.

ఆ ఒక్క ప్రశ్నకి టేబుల్‌లో సమాధానం లేదు. మళ్లీ చెక్ చేస్తే ఇంకో తప్పు కూడా దొరికింది. పోర్టో నుంచి డోరో లోయలోని పిన్యావ్ అనే ఊరికి రైల్లో గంట అని రాసింది. అసలు రైలు టైంటేబుల్ చూస్తే దాదాపు రెండున్నర గంటలు. రానూ పోనూ ఐదు గంటలు రైల్లోనే పోతే, ఇక తోటలో ఉండేది ఎంతసేపు?

ఏఐని తిట్టడం నా ఉద్దేశం కాదు. రోజూ ఆఫీసులో కోడ్‌కి వాడుతూనే ఉన్నా. కానీ అక్కడ అది రాసిన కోడ్‌ని టెస్ట్ చేయకుండా ఎవరూ ప్రొడక్షన్‌కి పంపరు. ట్రిప్ ప్లాన్‌ని మాత్రం టెస్ట్ చేయకుండానే టికెట్లు బుక్ చేసేస్తున్నాం. ఊరి పేర్లు ఏఐ చెప్పనీ. టైమింగ్ మాత్రం రైల్వే సొంత సైట్లో మీరే చూసుకోండి. ఒక రోజుకి రెండు ఊళ్లు కనిపిస్తే ఒకటి కొట్టేయండి.

తాగనివాళ్లకి వైన్ కంట్రీ ఎందుకు?

అమ్మా, నాయనా ఇద్దరూ మందు ముట్టరు. మరి ద్రాక్ష తోటలెందుకు అని మీరు అడగొచ్చు. మా నాయన రైతు. ఎమ్మిగనూరు వైపు మాకు నాలుగెకరాల రేగడి. ఎక్కువగా పత్తే. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు మా దాకా వచ్చిన ఏడు ఒక రకం, రాని ఏడు ఒక రకం. 2024 ఆగస్టులో డ్యామ్ 19వ నంబర్ గేటు కొట్టుకుపోయినప్పుడు ఆయన రెండు రోజులు టీవీ ముందు నుంచి లేవలేదు.

ఆయనకి డోరో ఫొటో ఒకటి ఫోన్‌లో చూపించా. అందరూ నదిని చూస్తారు. ఆయన రెండు వేళ్లతో జూమ్ చేసి కొండ మీది రాతి కట్టలు చూశాడు. "ఈ కట్టలు ఎవరు కట్టినారు? మట్టి యాడుంది దీంట్లో?" అన్నాడు.

మంచి ప్రశ్నే. అక్కడ నేల పలకలు పలకలుగా ఊడే షిస్ట్ రాయి. ఆ రాయిని పగలగొట్టి, దాంతోనే కట్టలు కట్టి, మెట్లు మెట్లుగా తోటలు వేశారు. తీగ వేళ్లు రాతి సందుల్లోంచి కిందికి దిగి తేమ వెతుక్కుంటాయి. ఎండాకాలం మన ఎండలాగే మాడ్చేస్తుంది. 1756లో మార్క్విస్ ద పొంబల్ హయాంలో ఈ ప్రాంతానికి హద్దులు గీసి, పోర్ట్ వైన్ ఇక్కడి ద్రాక్షతోనే చేయాలని రూల్స్ పెట్టారు. 2001లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అంటే రాళ్ల మీద రైతులు చేసిన పనికే ఆ గుర్తింపు.

సెప్టెంబర్, అక్టోబర్ అక్కడ కోతల కాలం. కొన్ని చోట్ల ఇప్పటికీ రాతి తొట్టెల్లో ద్రాక్షని కాళ్లతో తొక్కుతారు. టూరిస్టులు డబ్బు కట్టి మరీ ఒక పూట కోతకి వెళ్తారు. మా వైపు ఇంకోరి పొలంలో పంట కోయడానికి వెళ్లడాన్ని "సుగ్గి" అంటాం. కోసిగి, మంత్రాలయం, ఆదోని, ఎమ్మిగనూరు పల్లెల నుంచి కుటుంబాలు ఇళ్లకి తాళాలేసి, పిల్లల్ని బడి మాన్పించి, గుంటూరు వైపు మిరప కోతలకి పోతాయి. మా నాయన కూడా పెళ్లికి ముందు రెండేళ్లు పోయాడు. ఆయన జీవితంలో దూర ప్రయాణాలంటే అవే. అందుకే ఒక్కసారైనా కోతకి కాకుండా, కోత చూడ్డానికి ఆయన్ని తీసుకెళ్లాలని నా కోరిక. దాన్ని ఒక పూట డే ట్రిప్‌లో పెడితే ఎట్లా?

మార్చిన ప్లాన్

లిస్బన్‌లో రెండు రాత్రులు. అక్కడి నుంచి రైల్లో దాదాపు మూడు గంటల్లో పోర్టో, ఒక రాత్రి. తర్వాత పిన్యావ్ దగ్గర ఒక తోటలోనే రెండు రాత్రులు. ఆరో రోజు తిరిగి పోర్టో, ఏడో రోజు అక్కడి నుంచే ఫ్లైట్. సింట్రా, ఎవోరా, ఫాతిమా, కొయింబ్రా అన్నీ తీసేశా. పోర్టోలో ఉన్న కాస్త టైంలో సావ్ బెంతో స్టేషన్ నీలి పలకలు, 1886 నాటి డోం లూయిస్ ఇనుప వంతెన చూస్తే చాలు. నది అవతలి ఒడ్డున, గాయాలో పోర్ట్ వైన్ గోదాములుంటాయి. పులుస్తున్న రసంలో మధ్యలో ద్రాక్ష స్పిరిట్ కలిపి ఆపేస్తారు కాబట్టి అది తియ్యగా, 20 శాతం దగ్గర ఆల్కహాల్‌తో ఉంటుంది. నేను ఒక చిన్న గ్లాసు రుచి చూస్తా. మా ఇంట్లో చెప్పకండి.

ఇక్కడ రెండు టిప్స్. ఫ్లైట్ వెతికేటప్పుడు "రౌండ్ ట్రిప్" కాకుండా "మల్టీ సిటీ" పెట్టండి. లిస్బన్‌లో దిగి పోర్టోలో ఎక్కితే వెనక్కి వచ్చే సగం రోజు మిగులుతుంది. పోర్టో నుంచి లోయలోకి పోయే రైల్లో కుడివైపు సీట్లు పట్టుకోండి, నది అటే కనిపిస్తుంది.

కోతల సీజన్‌లో తోటల్లో గదులు ఖరీదు. మొదట ఒక్క రాత్రికే బడ్జెట్ ఉంది. రెండో రాత్రి డబ్బు ఆ 65 వేల కార్ట్‌లోంచే వచ్చింది.

పాత ఫోన్‌తో ఏం చేయాలి?

ఈ ట్రిప్‌కి ఫోన్ అక్కర్లేదని ఎవరూ అనరు. కొత్తది అక్కర్లేదని మాత్రమే అంటున్నా. పాత ఫోన్‌కి బ్యాటరీ మార్పించండి, స్టోరేజ్ ఖాళీ చేయండి. మిగతాదంతా సెట్టింగ్సే.

నెట్: ఇ-సిమ్ సపోర్ట్ ఉంటే యూరప్ డేటా ప్లాన్ ఒక్కటి చాలు, నా ఫోన్ హాట్‌స్పాట్‌తో ముగ్గురికీ నడుస్తుంది. ఇండియా సిమ్ తీసేయకండి. బ్యాంక్ ఓటీపీలు దానికే వస్తాయి కాబట్టి రోమింగ్ యాక్టివేట్ చేసి, దాని డేటా మాత్రం ఆఫ్‌లో పెట్టండి.

మ్యాప్స్: గూగుల్ మ్యాప్స్‌లో ఏరియా డౌన్‌లోడ్ చేసుకుంటే అంతా పనిచేస్తుందని చాలామంది అనుకుంటారు. ఆఫ్‌లైన్‌లో కారు దారి మాత్రమే చూపిస్తుంది. నడక, బస్సు, రైలు రూట్లు రావు. అందుకే రైలు టైమింగ్స్, స్టేషన్ నుంచి గదికి దారి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

పేమెంట్: ఫ్రాన్స్‌లో ఈఫిల్ టవర్ లాంటి కొన్ని చోట్ల యూపీఐ మొదలైంది గానీ, దాన్ని నమ్ముకొని యూరప్ వెళ్లొద్దు. మన కార్డుల్లో అంతర్జాతీయ లావాదేవీలు సాధారణంగా ఆఫ్‌లో ఉంటాయి. బ్యాంక్ యాప్‌లో ఇక్కడే ఆన్ చేసుకోండి. చాలా క్రెడిట్ కార్డుల్లో ఫారెక్స్ మార్కప్ 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద జీఎస్టీ అదనం. షాపులో మెషీన్ "రూపాయల్లోనా, యూరోల్లోనా" అని అడిగితే కళ్లు మూసుకొని యూరోలు నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్ల రేటు పడుతుంది.

ఛార్జింగ్: వోల్టేజ్ మనదే, 230. రెండు పిన్నుల ఫోన్ ఛార్జర్లు మామూలుగా అక్కడ పట్టేస్తాయి. మూడు పిన్నుల లాప్‌టాప్ ఛార్జర్‌కి మాత్రం అడాప్టర్ కావాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ అంటే 74 వాట్ అవర్స్, 100 లోపే కాబట్టి ఓకే. కానీ హ్యాండ్ బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు.

ఏ ఫోనూ చేయలేని పని

ఏఐ ప్లాన్ చివర్లో "వీసాకి ముందుగా అప్లై చేయండి" అని ఒక్క లైన్ ఉంది. అసలు పనంతా ఆ లైన్లోనే ఉంది. షెంగెన్ వీసా ఫీజు పెద్దవాళ్లకి మనిషికి 90 యూరోలు, రాకపోతే వెనక్కి ఇవ్వరు. కనీసం 30,000 యూరోల కవరేజ్‌తో ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండాలి. ఆరు నెలల ముందు నుంచి అప్లై చేయొచ్చు.

మా నాయనకి జీతం స్లిప్పులు లేవు, ఐటీ రిటర్న్స్ లేవు. ఉన్నది పాస్‌బుక్, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఖర్చంతా నాదే అని నేను రాసే లెటర్. ఇంకో భయం వేలిముద్రలు. పత్తి తీసీ తీసీ అరిగిన వేళ్లు, రేషన్ షాపు మెషీన్లోనే ఒక్కోసారి పడవు. వీసా సెంటర్లో పది వేళ్లు పెట్టాలి. 2025 అక్టోబర్ నుంచి యూరప్ సరిహద్దులో కూడా స్టాంపు బదులు వేలిముద్రలు, ఫొటో తీసుకునే పద్ధతి మొదలైంది. అందుకే ఇప్పటి నుంచే అమ్మ రోజూ రాత్రి ఆయన చేతులకి కొబ్బరినూనె రాస్తోంది. ఈ ఫీచర్ ఏ ఫ్లాగ్‌షిప్‌లోనూ లేదు.

మరి ఎప్పుడు కొనాలి?

మీ ఫోన్‌కి సెక్యూరిటీ అప్‌డేట్స్ ఆగిపోయి, అందులోనే బ్యాంక్ యాప్స్ వాడుతుంటే మార్చండి. మధ్యాహ్నానికే ఛార్జ్ అయిపోయి, బ్యాటరీ మార్పించే వీలు కూడా లేకపోతే మార్చండి. అది మీకు ఎలాగూ కావాల్సిన ఫోన్, ట్రిప్ ఖర్చు కాదు. "అక్కడ ఫొటోలు బాగా రావాలి" అన్నది ఒక్కటే కారణమైతే ఆగండి. మూడేళ్ల నాటి మిడ్‌రేంజ్ కెమెరాకి కూడా పగటి వెలుతురులో ఢోకా లేదు. రాత్రి ఫొటోల్లో తేడా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ ఏడాది తర్వాత ఆ ఫోన్ విలువ సగానికి పడిపోతుంది. ఆ రెండో రాత్రి విలువ తగ్గేది కాదు.

మొన్న నాయన ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ వేసి, తెలుగు, పోర్చుగీస్ రెండూ ఆఫ్‌లైన్ కోసం డౌన్‌లోడ్ చేశా. "ఆడ రైతు కనిపిస్తే ఏం అడుగుతావో ఇప్పుడే చెప్పు నాయనా, టెస్ట్ చేద్దాం" అన్నా. ఆయన వైన్ గురించి అడగలేదు, రేటు గురించీ అడగలేదు. ఫోన్ నోటి దగ్గర పెట్టుకొని, కాస్త సిగ్గుపడుతూ అన్నాడు: "మీకు కోతకి మనుషులు దొరుకుతారా?"

ఫోన్ పోర్చుగీసులో గడగడా చదివేసింది. దానికి జవాబు వినడానికి ఒక పూట చాలదు.