చిన్న స్పీకర్ నెత్తిన పెద్ద బరువు

హాల్లో టీవీకి అటూ ఇటూ రెండు చిన్న స్పీకర్లు, ఒక్కోదానిలో నాలుగంగుళాల కోన్. బాలు పాట మెల్లగా పెట్టుకున్నంతసేపూ గొంతు తేటగా వినిపిస్తుంది. వాల్యూమ్ కాస్త పెంచారో లేదో, డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా ఆ గొంతు వణుకుతుంది, మాట ముద్దవుతుంది. స్పీకర్ పాడైందని ఇంటాయన అంటాడు. ఆంప్లిఫయర్ చాలట్లేదని కొడుకు అంటాడు. షాపుకెళ్తే ఇంకా పెద్ద సెట్టు చూపిస్తారు. చాలా ఇళ్లలో నిజానికి ఏదీ పాడై ఉండదు. మోయలేని బరువును ఆ చిన్న కోన్ నెత్తిన పెట్టడమే జరిగిన పొరపాటు.

ఆ బరువెంతో లెక్క చూస్తే తెలుస్తుంది. శబ్దం అంతే గట్టిగా రావాలంటే, ఫ్రీక్వెన్సీ సగమైన ప్రతిసారీ కోన్ నాలుగింతలు కదలాలి. మూసిన పెట్టెలోని స్పీకర్ 160 హెర్ట్జ్ దగ్గర 1 మిల్లీమీటరు కదిలితే, 80 దగ్గర 4, 40 దగ్గర 16 మిల్లీమీటర్లు కదలాల్సి వస్తుంది. నాలుగంగుళాల కోన్‌కు అంత కదలిక సాధ్యమయ్యే పని కాదు. గాలి గొట్టం ఉన్న పెట్టెల్లో ఇబ్బంది ఇంకో రకం. ఆ గొట్టం పనిచేసే ఫ్రీక్వెన్సీకి కిందికి దిగితే కోన్‌కు వెనక గాలి పట్టు ఉండదు, ఊరికే కొట్టుకుంటుంది. పాడే గొంతునూ అదే కోన్ పలికించాలి కాబట్టి, అది ఊగితే గొంతూ ఊగుతుంది.

దీనికి మందు పాతదే: హై-పాస్ ఫిల్టర్. కింది స్వరాలను తగ్గించి పై స్వరాలను పోనిస్తుంది. దారిలో ఒక కెపాసిటర్ పెడితే చాలు, వేరే కరెంటు అక్కర్లేదు, అందుకే దాన్ని పాసివ్ అంటారు. చాలా ఇళ్లలో ఇది ఇప్పటికే పనిచేస్తోంది. మామూలు రెండు స్పీకర్ల పెట్టె విప్పితే పై స్వరాలు పలికే ట్వీటర్ వెనక చిన్న గొట్టంలాంటి కెపాసిటర్ ఒకటి కనిపిస్తుంది. ట్వీటర్ మార్చేటప్పుడు ఇదెందుకని దాన్ని తీసేస్తే, బాస్ అంతా ట్వీటర్ మీద పడి, గట్టిగా పెట్టిన రోజున కొత్తదీ కాలిపోతుంది.

విలువ కట్టే సూత్రం ఒక్క వాక్యంలో ఇమిడిపోతుంది. 1,59,000ను ఓమ్‌లు, మైక్రోఫారడ్ల లబ్ధంతో భాగిస్తే, కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీ వస్తుంది. 8 ఓమ్‌ల ట్వీటర్‌కు 4.7 మైక్రోఫారడ్లు పెడితే సుమారు 4,200 హెర్ట్జ్. చిన్న కోన్ బరువు దించడానికైతే కోతను ఆంప్లిఫయర్‌కు ముందే పెట్టవచ్చు: దాని ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే వచ్చే సిగ్నల్‌కు అది చూపే అడ్డు, 20,000 ఓమ్‌లైతే, దానికి సిగ్నల్ తెచ్చే ఆర్‌సీఏ వైరులో 0.1 మైక్రోఫారడ్ పెడితే సుమారు 80 హెర్ట్జ్. అదే 0.1ను 47,000 ఓమ్‌ల ఆంప్లిఫయర్‌కు పెడితే కోత 34 దగ్గరికి జారిపోతుంది, 10,000 ఓమ్‌ల దానికి పెడితే 159కి ఎగబాకుతుంది. పక్కింట్లో కుదిరిన విలువ మనింట్లో కుదరకపోవడానికి కారణమిదే. ఇంటర్ రెండో ఏడాది ఫిజిక్స్‌లో ఏసీ సర్క్యూట్ల పాఠం చదివే పిల్లలు మార్కుల కోసం చేసే లెక్కకు ఇది దగ్గరి చుట్టమే.

పనీ పెద్దది కాదు. హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ వంటి చోట ఫిల్మ్ కెపాసిటర్లు రెండు అడగాలి, కుడికొకటి, ఎడమకొకటి. దాని మీద 104 అని ఉంటే 10 పక్కన నాలుగు సున్నాలు, అంటే లక్ష పికోఫారడ్లు, అదే 0.1 మైక్రోఫారడ్. ఉన్న వైరును అలాగే ఉంచి, ఇంకో ఆర్‌సీఏ వైరు కోసి, మధ్య తీగకు మాత్రమే కెపాసిటర్‌ను సోల్డర్ చేయాలి. చుట్టూ ఉన్న జాలీ తీగ నేరుగా వెళ్లిపోవాలి. ఈ అతుకు ఆంప్లిఫయర్ పిన్నుకు దగ్గరగా ఉంటే మంచిది. బాస్‌కు వేరుగా సబ్‌వూఫర్ పెట్టె ఉన్నవారు దాని వైరును కెపాసిటర్‌కు ముందే తీసుకోవాలి. ఆంప్లిఫయర్ వెనక నుంచి తీస్తే దానికీ కోసిన బాసే అందుతుంది.

బాస్ తగ్గితే పాటలో పసేముంటుందని అడిగేవారు ఉంటారు. ఆ అనుమానం సబబే. ఈ ఫిల్టర్ గోడలా అడ్డుపడదు, వాలులా తగ్గిస్తుంది. కోత 80 హెర్ట్జ్ దగ్గర పెడితే అక్కడ పవర్ సగమవుతుంది, 40 దగ్గర 7 డెసిబెళ్లు తగ్గుతుంది, 160 దగ్గరా ఒక డెసిబెల్ పోతుంది. సబ్‌వూఫర్ లేని ఇంట్లో కోతను 50 దగ్గరే ఉంచుకోవడం మేలు. ఏవీ రిసీవర్ ఉన్నవారికైతే కెపాసిటరే అనవసరం. మెనూలో స్పీకర్‌ను ‘స్మాల్’ అని పెట్టి 80 హెర్ట్జ్ ఎంచుకుంటే, తీసేసిన బాస్‌ను అదే సబ్‌వూఫర్‌కు పంపుతుంది.

చిక్కంతా మామూలు స్టీరియో ఆంప్లిఫయర్లతోనే. వాటిలో కొన్ని సబ్‌వూఫర్‌కు ఒక పిన్ను ఇస్తాయి కానీ, చిన్న స్పీకర్ల మీద బరువు మాత్రం దించవు. అట్టపెట్టె మీద వేలల్లో పీఎంపీఓ వాట్లు అచ్చేస్తారు. ఆ అంకెకు అందరూ ఒప్పుకున్న కొలమానమే లేదు. లోపల కొన్ని రూపాయల కెపాసిటర్, దానికొక స్విచ్ పెట్టి, ఇన్‌పుట్ ఇంపిడెన్స్ ఎంతో మాన్యువల్‌లో ఒక్క ముక్క రాస్తే కొనేవాడికి అంతకన్నా మేలు. అడిగేవారు లేరు కాబట్టే ఇవ్వడం లేదు. బాస్ ఎంత అని షాపులో అడిగే నోరే, బాస్ తగ్గించే స్విచ్ ఉందా అని కూడా అడగాలి.

ఈలోపు పాత సెట్టు అమ్మేసే ముందు ఒక ఆదివారం ఈ పని చేసి చూడవచ్చు. ప్లగ్గు పీకి, వైరులోనే చేయాలి. ఆంప్లిఫయర్ పెట్టె విప్పకూడదు, కరెంటు తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లలో చార్జి నిలిచి ఉంటుంది. కెపాసిటర్ల ఖర్చు రెండు కప్పుల టీకి మించదు, ఆర్‌సీఏ పిన్నులకే కాస్త ఎక్కువవుతుంది. శబ్దం నచ్చకపోతే పాత వైరే మళ్లీ తగిలించుకోవచ్చు.