కోపానికి పెట్టిన పేరు

తెలుగులో బీపీ అంటే కోపం. "నాకు బీపీ తెప్పించొద్దు" అని ఇంట్లో అరుస్తాం. "సారుకు బీపీ ఎక్కువ, చూసి మాట్లాడు" అని ఆఫీసు గుమ్మం దగ్గర హెచ్చరిస్తాం. సీమవాళ్ళకు ఈ మాట మరీ సులువుగా అతుక్కుంటుంది. పులివెందుల అనగానే సినిమా సుమోలూ, తొడగొట్టడాలూ గుర్తొచ్చేవాళ్ళకు, ఇక్కడి మనిషికి బీపీ లేకపోతేనే వింత.

సరదా మాటే కదా అని వదిలేద్దామంటే కుదరదు. లింగాల దిక్కున ఒక పల్లెకు 104 మందుల బండి వచ్చిన రోజు, చీనీ తోటలో కలుపు తీసే ఒక అవ్వ చేతికి నర్సు పట్టీ చుట్టింది. ఐదు నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూసింది. 178/104. "బీపీ ఉందవ్వా" అంది. అవ్వ నవ్వింది. "నాకు బీపీ యాడిది పాపా? ఒకరిని ఒక మాట అన్న దాన్ని కాదు. మా కోడలికి చూడు, ఉంటాది." వరుసలో ఉన్నోళ్ళంతా నవ్వారు. కోడలికీ చూశారు. 118/76.

అవ్వకు తెలివి లేక కాదు, మనం వాడే తెలుగే ఆమెనలా నమ్మించింది. కోపమొస్తే రక్తపోటు కాసేపు పెరిగే మాట నిజమే. కోపం దిగితే అదీ దిగుతుంది. డాక్టరు చెప్పే బీపీ వేరు. అది సాధువుకూ వస్తుంది. 140/90 దాటి ఏళ్ళ తరబడి అక్కడే నిలబడినా చాలామందికి తల తిరగదు, ఎక్కడా నొప్పి ఉండదు. రక్తనాళాలు లోలోపల పాడై, ఒక తెల్లవారుజామున కాలూ చెయ్యీ పడిపోతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్కన 130 కోట్ల మందికి ఈ జబ్బుంది; మూడింట రెండొంతుల మంది మనలాంటి దేశాలవాళ్ళే. దాదాపు సగం మందికి ఉన్నట్టే తెలియదు. అదుపులో ఉన్నది ఐదుగురిలో ఒక్కరికి.

పట్నం జబ్బు, ఉన్నోళ్ళ జబ్బు అనే మాటా నిలవదు. ఇరవై ఏళ్ళ కిందట గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో ఏడాదిపాటు చావుల లెక్క తీస్తే, సుమారు మూడోవంతు గుండె, రక్తనాళాల జబ్బుల పద్దులోనే తేలాయి.

ఇక చదువుకున్నవాళ్ళ తీర్పు ఒకటుంది: "మన జనానికి నిర్లక్ష్యం. మాత్రలిస్తే పదిరోజులు మింగి మానేస్తారు." నా పేచీ ముఖ్యంగా దీంతోనే. జబ్బు రాకముందు కోపిష్టి అన్నాం, వచ్చాక నిర్లక్ష్యపు మనిషి అంటున్నాం. రెండుసార్లూ మనిషి గుణాన్నే తప్పుబట్టాం. మాత్ర సంగతి ఎవరూ అడగలేదు.

అడుగుదాం. చేతికి పదిరోజుల మాత్రలే వస్తే, పదకొండో రోజు కూలి మానుకోవాలి, బస్సెక్కి టౌనుకు పోవాలి, చీటీకొక వరుస, మందుకొక వరుస. తీరా చేరితే "స్టాకు లేదు, సోమవారం రా." ఆ సోమవారం ఇచ్చే మాత్ర రంగు వేరు, పాతదీ కొత్తదీ ఒకటేనా అని చెప్పే దిక్కుండదు. ఇంతా చేసి అది టీ ఖరీదు కూడా చేయని ఆమ్లోడిపిన్. ఏ బాధా లేని మనిషి బతికినన్నాళ్ళూ ఈ తిరుగుడు తిరగాలి. నెలజీతం ఉన్న నేనైతే మూడో నెలకే మానేస్తాను.

తిరుగుడు తగ్గిస్తే ఏమవుతుందో పక్క తెలంగాణలోనే చూశాం. 2017లో ఐదు రాష్ట్రాల్లో మొదలైన రక్తపోటు నియంత్రణ కార్యక్రమంలో అదీ ఉంది. వైద్యానికి అన్నిచోట్లా ఒకే పద్ధతి, నెలకు సరిపడా మాత్రలు, ఊరి దగ్గరే తనిఖీ, రానివాళ్ళ పేర్లతో జాబితా: ఇంతే. చికిత్సలో ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి బీపీ అదుపులోకొచ్చింది. 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు వచ్చింది. జనం గుణం ఏమీ మారలేదు, మాత్ర దగ్గరికొచ్చింది. శ్రీలంకలో మూడు మందులను తక్కువ మోతాదులో ఒకే మాత్రగా ఇచ్చి చూస్తే, ఆరు నెలలకు నూటికి 70 మందికి బీపీ అదుపులోకొచ్చింది. మామూలు వైద్యంలో 55 మందికే.

ఉప్పు తగ్గించాలన్న మాట నేనూ ఒప్పుకుంటా. రోజుకు 5 గ్రాముల లోపు ఉండాల్సిన చోట మన రాష్ట్రంలో 9 దాటుతోంది. సంగట్లోకి ఊరుబిండి లేకుండా మాకు ముద్ద దిగదు. కానీ పొద్దంతా వంగి కలుపు తీసిన మనిషికి "రోజూ నడవాలమ్మా" అని చెప్పి పంపించేస్తే అది వైద్యం కాదు.

విచిత్రమేమంటే, మాత్రే మనిషి దగ్గరికి రావాలన్న పాఠం పులివెందులకు కొత్త కాదు. 1973లో ఇక్కడ తండ్రి పేరిట ఆసుపత్రి పెట్టిన డాక్టరు వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రయ్యాక రెండు పనులు చేశాడు. 2007లో పెద్ద ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీ. మరుసటేడు, నెలకోసారి చెప్పిన తేదీకి పల్లెకొచ్చి బీపీ, షుగరు చూసి మాత్రలిచ్చే 104 బండి. మొదటిది అందరి నోటా ఉంది, రెండోది అంతగా లేదు. గుండె ఆపరేషనుకు ఫొటో ఉంటుంది. రాకుండా ఆగిపోయిన పక్షవాతానికి ఎవరూ ఫ్లెక్సీ కట్టరు.

ఆరోజు నర్సు ముప్పై మాత్రలు లెక్కపెట్టి ఇచ్చింది. అవ్వ కొంగున ముడేసుకుని "మళ్ళీ ఎప్పుడు పాపా?" అంది. వచ్చే నెల అదే తేదీకి బండొచ్చి అవ్వ రాకపోతే, నిర్లక్ష్యమని తిట్టండి, ఒప్పుకుంటా. అవ్వ వచ్చి నిలబడి బండే రాకపోతే ఎవరిని తిట్టాలో కూడా ఇప్పుడే చెప్పి పొండి.