కంప పెరిగిన జాగ



సామెతల గ్రంథం 24వ అధ్యాయంలో ముళ్లు మొలిచి, గోడ కూలిన సోమరివాని పొలం గురించి మేము ఎన్నో ప్రసంగాలు చేశాం. ఈమధ్య మన సంఘంలో ఒక కుటుంబానికి ఇందిరమ్మ ఇల్లు మంజూరైతే, వాళ్ల జాగలో ప్రార్థన చేయడానికి వెళ్లాం. ఒకప్పుడు బీర, సొర పాదులు పెట్టుకున్న పెరడది. ఇప్పుడు సర్కారు తుమ్మ, వయ్యారిభామ పెరిగి కాలు పెట్టే సందు లేదు. వెనక నుంచి ఎవరో ఆ సోమరివాని మాటే అన్నారు. మేము విని ఊరుకున్నాం. ఆ తప్పు మాది.

ఆ భార్యాభర్తలు ఏళ్ల తరబడి ముంబైలో మట్టిపని చేసి వచ్చారు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా ఎరుగుదురు. డ్యాములు, కాలువలు, రోడ్లు ఎక్కడ పడితే అక్కడ మనవాళ్ల చెమట ఉంది. అందరి పునాదులు తవ్వినవారి సొంత జాగలో కంప పెరిగిందంటే అది సోమరితనం కాదు, వలస.

2024 మార్చి 11న భద్రాచలంలో మొదలైన ఈ పథకంలో సొంత జాగ ఉన్నవారికి 5 లక్షల రూపాయలు విడతలుగా ఇస్తారు. మంచిదే. కానీ మొదటి లక్ష బేస్‌మెంట్ అయ్యాకే పడుతుంది. కంప కొట్టించడం, జేసీబీ కిరాయి, రాయి, మొరం అన్నీ అంతకుముందే కావాలి. చేతిలో లేనివాళ్లు మిత్తికి తెస్తారు.

ఖర్చుకు భయపడి కొందరు కంపను పైపైన నరికి, దానిమీదే మొరం పోస్తున్నారు. అలా చేయవద్దు. సర్కారు తుమ్మ మోడు నుంచే మళ్లీ చిగురిస్తుంది, వేరుతో పెకలించాలి. లోపల మిగిలిన మొద్దులు కుళ్లితే నేల గుల్లవుతుంది, చెదలు పడతాయి. ఆకు చెత్త, మెత్తటి పైమట్టి తీసేసి గట్టి నేల తగిలాకే పునాది వేయాలి. అగ్గి పెట్టడం అసలే వద్దు, పక్కనే గడ్డివాములున్నాయి. వయ్యారిభామను పూత రాకముందే, చేతికీ ముక్కుకూ గుడ్డ కట్టుకొని పీకాలి. (మేము కట్టుకోలేదు. రెండు రోజులు గోక్కున్నాం.)

మూలనున్న వేపచెట్టు మాత్రం ఉండనివ్వమన్నాం. ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయంలో యుద్ధకాలంలో సైతం ఫలవృక్షాలను కొట్టవద్దన్న ఆజ్ఞ ఉంది కదా అంటే, వేప ఫలవృక్షం కాదని ఒక పెద్దాయన వాదించారు. మన పాలమూరు ఎండల్లో ఆ వాదన ఎంతసేపు నిలుస్తుంది? చెట్టుకు దూరంగా పునాది జరుపుకుంటే సరిపోతుంది.

గృహప్రవేశానికి కానుకలు తీసుకెళ్లే అలవాటు మనకుంది. ఆ కానుక ఇప్పుడే, ఒక రోజు పనిగా ఇస్తే ఆ ఇంటికి కొంతైనా మిత్తి తప్పుతుందని మా అభిప్రాయం. శనివారం ఉదయం 6 గంటలకు రండి. గొడ్డలి, గడ్డపార, పార తెచ్చుకోండి. తుమ్మముల్లు చెప్పులోంచి దిగుతుంది, బూట్లు వేసుకోండి. పొదల్లో పాములుంటాయి, పిల్లలను తేవద్దు. మధ్యాహ్నం జొన్నరొట్టెలు ఆ చెల్లెమ్మ చేస్తానన్నది. వద్దన్నా వినలేదు.