మరిగాక మంట తగ్గించండి!

విశాఖపట్నంలోని ప్రతి వంటింటికీ మీ వీధి మహిళల విన్నపం



ఈ కాగితం చేతికందగానే ఒక్కసారి వంటింట్లోకి తొంగి చూడండి. పొయ్యి మీద ఏమైనా తెర్లుతోందా? మూత ఉందా? మంట ఎంత ఉంది? మూత లేకుండా పెద్ద మంట మీద కుతకుతలాడుతుంటే ముందు మూత పెట్టి, మంట తగ్గించి రండి. మిగతాది ఆ తర్వాత చదువుదురుగాని.

నీరు నూరు డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఒకసారి మరిగిందంటే కింద మంట ఎంత పెంచినా ఆ వేడి ఇక పెరగదు. అన్నమైనా, కూరైనా, పులుసైనా ఉడికేది ఆ వేడికే. పెద్ద మంట మీద పొంగిపొర్లినా, సన్నసెగ మీద నిదానంగా ఉడికినా పట్టే సమయం దాదాపు ఒకటే. మరి మనం పెంచిన మంటంతా ఎటు పోతోంది? ఆవిరిలోకి పోతోంది.

ఆవిరే కదా అని తీసిపారేయకండి. చలికాలం పొద్దున ఇరవై లీటర్ల బకెట్ నీళ్లు స్నానానికి కాగడానికి ఎంత వేడి కావాలో, ఒక్క లీటరు నీరు ఆవిరైపోవడానికి దాదాపు అంత వేడీ పడుతుంది. గ్యాస్ లెక్కలో అది సుమారు 75 గ్రాములు. రోజుకు లీటరు నీరు ఊరికే గాలిలో కలిస్తే నెల తిరిగేసరికి రెండుంపావు కిలోల గ్యాస్ పోయినట్టే. బండలో ఉండేదే 14.2 కిలోలు! నెలకో బండ వాడే ఇంట్లో దాదాపు ఆరో వంతు ఒక్క మెతుకు కూడా ఉడికించకుండా పోతోంది. పైగా ఆ ఆవిరే మన ఇరుకు వంటిళ్లలో ఉక్కపోతై, పొయ్యి దగ్గర నిలబడ్డ ఆడమనిషిని చెమటతో ముంచేస్తోంది.

ఇంతకీ ఈ గ్యాస్ ఎక్కణ్ణుంచి వస్తోంది? దేశంలో వాడే వంటగ్యాస్‌లో సగానికి పైగా బయటి దేశాలది, అందులోనూ ఎక్కువ భాగం గల్ఫ్‌ది. ఓడల మీద వచ్చి కొంత మన విశాఖ రేవులోనే దిగుతుంది. దాన్ని దాచడానికి మన ఊళ్లోనే, భూమి లోపల రాతిని తొలిచి, 60 వేల టన్నులు పట్టే గుహ కట్టారు. దక్షిణాసియాలో అలాంటిది అదే మొదటిది. అంత దూరం నుంచి, అంత ఖర్చుతో వచ్చిన సరుకును మూత పెట్టని గిన్నె మీద నుంచి వదిలేయడం మాకు కడుపులో మంటగా ఉంది. 2024లో మొదలైన దీపం-2 పథకంలో అర్హులైన ఇళ్లకు ఏడాదికి మూడు బండలు ఉచితం. నాలుగో బండ డబ్బు మనదే. ఆ నాలుగోది ఎంత ఆలస్యంగా కొనాలన్నది మన చేతిలో ఉంది.

అన్నం సంగతి చూద్దాం. గిన్నె నిండా ఎసరు పెట్టి, కాచి, చివరికి గంజి వార్చి పారబోస్తున్నాం. అంత నీటిని కాచిన గ్యాస్, దానితో పాటు బియ్యంలోని బలం కొంత మోరీలో పోతున్నాయి. అత్తెసరు పెట్టండి. బియ్యం అరగంట ముందే నానబెట్టండి. నీరు ఇంకే దశకు రాగానే పొయ్యి కట్టేసి, మూత తీయకుండా పది నిమిషాలు వదిలేయండి. మిగిలిన పలుకు ఆ వేడికే మెత్తబడుతుంది. గంజి తాగే ఇళ్లకు ఈ మాట వర్తించదు. వాళ్లు దేన్నీ పారేయడం లేదు.

పప్పు దగ్గర అసలు నష్టం. బోరు నీళ్లలో పప్పు ఉడకదని మన అమ్మమ్మలకు తెలుసు. ఆ నీటిలోని సున్నం పప్పును గట్టిపరుస్తుంది. తాగే నీళ్లతోనే పెట్టండి. కందిపప్పు అరగంటైనా నానాలి. శనగలు, రాజ్మా అయితే రాత్రంతా నానాలి. చింతపండు ముందే వేయకండి, పులుపు తగిలితే పప్పు మెదగడానికి మొరాయిస్తుంది. పప్పు మెదిగాకే పులుసు పోయండి.

కుక్కర్‌లో ఒత్తిడి వల్ల వేడి 120 డిగ్రీల దాకా వెళుతుంది. అందుకే అందులో వంట తొందరగా అవుతుంది. విజిల్ వచ్చిందంటే లోపల కావలసినంత ఒత్తిడి చేరిపోయి, ఎక్కువైనది బయటికి పోతోందని అర్థం. విజిళ్లు లెక్కపెట్టే అలవాటు మానుకుందాం. మొదటి విజిల్‌కే సిమ్‌లో పెట్టి, గడియారం చూసుకుందాం. దించాక కుళాయి కింద పెట్టి చల్లార్చకండి. ఆవిరి దానంతట అది అణిగేలోపు లోపల వంట సాగుతూనే ఉంటుంది. కుక్కర్ గిన్నెలుంటే అన్నం, పప్పు, కూరగాయలు ఒకే మంట మీద అయిపోతాయి. గాస్కెట్ వదులై పక్కల నుంచి ఆవిరి చీదుతుంటే మాత్రం కొత్తది వేయించండి.

ఇక ఇంట్లో మగవాళ్లకు, పెద్దపిల్లలకు ఒక మాట. ఒకరు ఎనిమిదికి, ఒకరు తొమ్మిదిన్నరకు, ఒకరు పదకొండుకు వచ్చి "వేడిగా పెట్టు" అంటే అదే పులుసు మూడుసార్లు పొయ్యెక్కుతుంది. ఒక మనిషి మూడుసార్లు లేస్తుంది. గ్యాస్ పొదుపు చేయమని ఆవిడకు పాఠాలు చెప్పడం తేలిక. వీలైనన్ని రాత్రులు అందరూ కలిసి కూర్చుని తినండి. టీ కూడా విడివిడిగా కాదు, ఒకసారి కాచి ఫ్లాస్కులో పోసుకోండి. పాలు పొయ్యి మీద ఉన్నప్పుడు పక్కన నిలబడే పని మీరు తీసుకోండి.

మంట నీలంగా ఉండాలి. పసుపుగా మారి గిన్నెకు మసి పడుతోందంటే బర్నర్ రంధ్రాలు మూసుకుపోయాయని, గాలి సరిగా అందడం లేదని గుర్తు. స్టవ్ ఆరిపోయి చల్లారాక బర్నర్ విప్పి, సబ్బునీళ్లతో తోమి, ఆరబెట్టి బిగించండి. చిన్న గిన్నెను పెద్ద బర్నర్ మీద పెడితే మంట అంచులు దాటి గాలిని కాస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు, దోసెల పిండి కాసేపు బయట ఉంచాకే పొయ్యెక్కించండి. వేడివేడి కూరను మాత్రం చల్లారకుండా ఫ్రిజ్‌లో తోయకండి.

మేం అడుగుతున్నది ఇదీ. కొత్త బండ బిగించిన రోజే దాని మీద సుద్దముక్కతో తేదీ రాయండి. అయిపోయిన రోజు క్యాలెండర్ మీద రాసుకోండి. పాత బండ ఎన్నాళ్లు వచ్చిందో, మూతా సన్నసెగా అలవాటయ్యాక వచ్చే బండ ఎన్నాళ్లు వస్తుందో మీరే పోల్చి చూడండి. ఆ లెక్కతో ప్రతి ఆదివారం సాయంత్రం వీధి చివర అరుగు దగ్గరికి రండి. మసిపట్టిన బర్నర్లు, వదులైన కుక్కర్ మూతలు వెంట తెచ్చుకోండి. వాటిని బాగుచేసే పని తెలిసినవాళ్లు మనలోనే ఉన్నారు. నలుగురూ నేర్చుకుందాం. అత్తాకోడళ్లు కలిసి వస్తే మరీ సంతోషం.

చదివాక పారేయకుండా పక్కింటికి ఇవ్వండి. చదవడం రానివాళ్లుంటే చదివి వినిపించండి.

గ్యాస్ వాసన వస్తే: స్విచ్చులు ముట్టుకోవద్దు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.

ఇట్లు,
మీ వీధి మహిళలం
విశాఖపట్నం