పెరుగుతున్నది పంటా, అప్పా?

కనకమ్మ సత్రం చుట్టుపక్కల వరికీ వేరుశనగకూ అప్పు తెచ్చే మన తెలుగు కౌలు రైతు చేతిలో దుకాణదారు ‘పెరుగుదల మందు’ కూడా పెడతాడు. అన్ని పంటలకూ పనిచేస్తుందట! మేము నమ్మం. జిబ్బరెల్లిక్ ఆమ్లం గింజలేని ద్రాక్షను లావు చేస్తుంది, నిజమే. అదీ సరైన అదనులో, సరైన మోతాదులో. మామిడికి వాడే పాక్లోబుట్రజాల్ అయితే కొమ్మల పెరుగుదలను అణిచే మందు.

వీటి పక్కన అమ్మే బయోస్టిమ్యులెంట్లను ప్రభుత్వం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చింది 2021లో. అంతకుముందు దాదాపు 30,000 రకాలు అడ్డూఅదుపూ లేకుండా అమ్ముడయ్యాయని 2025 జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రే చెప్పారు. తనిఖీ పెంచాక మిగిలినవి సుమారు 650. మిగతా సీసాల కోసం చేసిన అప్పు ఎవరు తీర్చాలి?

యువతీయువకులారా, మీ పొలంలో నాలుగు సాళ్లు మందు కొట్టకుండా వదలండి. కోతలప్పుడు విడివిడిగా తూకం వేయండి. తేడా లేకపోతే ఆ లెక్కతో దుకాణానికి అందరం కలిసి వెళ్దాం.