సముద్రగర్భమున జీవిక

2024 సెప్టెంబరు ఒకటవ తేదీన కృష్ణానదికి వచ్చిన మహాప్రవాహములో ఎగువనుండి కొట్టుకొనివచ్చిన భారీ పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజి గేట్లకు తగిలి, వాని బరువుదిమ్మెలను దెబ్బతీసి, అచ్చటనే మునిగి చిక్కుకొనిపోగా, వానిని కదలించుటకు తెచ్చిన క్రేన్లు నిష్ఫలములైన పిమ్మట, అధికారులు విశాఖపట్టణమునుండి డైవర్లను పిలిపించిరి. వారు బురదనీటిలోనికి దిగి, ఆ పడవల ఇనుపదేహములను నీటి అడుగుననే కోయుటకు దినములతరబడి శ్రమించిరి. అట్టి నీటిలో కన్నులు పనికిరావు; ఎక్కడ రేకు ముగిసి ఎక్కడ దూలము మొదలగుచున్నదో వ్రేళ్లతో తడవి తెలిసికొనవలెను. పడవలు తుదకు వేరొక ఉపాయముచేత బయటికి వచ్చినవి గాని, నీటి అడుగున పనిచేయు వృత్తి యొకటి మన మధ్యనే కలదను సంగతి ఆ దినములలో పత్రికలు చదివిన పలువురికి మొదటిసారిగా స్ఫురించియుండును.

ఈ సంగతిని ఇచ్చట ఎత్తుకొనుటకు కారణము కలదు. నేడు మన కుటుంబముల పిల్లలు సెలవులకు అండమానుకో గోవాకో, అంతదూరము పోనక్కరలేక విశాఖ ఋషికొండకో పోయి, వీపున సిలిండరు కట్టుకొని, శిక్షకుని చేయి పట్టుకొని నీటిలోనికి దిగి, చేపల నడుమ అరగంట గడపి పైకి వచ్చి, జీవితమునందు తాము చేయదగిన పని ఇదియే యని తల్లిదండ్రులతో చెప్పుట అరుదు కాదు. "అది సరదారా, ముందు ఈఏపీసెట్ సంగతి చూడు" అని ఒక తండ్రి త్రోసివేయును. బిడ్డ కోరికను కాదనలేని మరియొక తండ్రి శిక్షణకు డబ్బు కట్టి, ఇక పిల్లవాని బ్రతుకు ఒక దారిన పడినదని నిశ్చింతుడగును. ఇద్దరును తొందరపడినవారే. నీటిలోనికి దిగినందుకు లోకము ఎవ్వరికిని జీతమియ్యదు. దిగిన తరువాత అచ్చట చేసిన పనికి ఇచ్చును. కావున డైవింగును ప్రేమించు బిడ్డ దానితోపాటు నేలమీది విద్య నొకదానిని శ్రద్ధతో సంపూర్ణముగా అభ్యసింపవలెననియు, ఆ రెండవ విద్యయే అతని అంతస్తును నిర్ణయించుననియు నా దృఢమైన అభిప్రాయము.

సిలిండరు కట్టుకొని దిగు ఈ స్కూబా అనునది అంత ప్రాచీనమైన విద్య కాదు. 1943లో ఫ్రాన్సు దేశమున జాక్ కూస్తో అను నావికాదళ అధికారియు, ఎమిల్ గాన్యా అను ఇంజినీరును కలసి, లోతునకు తగిన ఒత్తిడితో, పీల్చినప్పుడు మాత్రమే గాలినిచ్చు సాధనమును నిర్మించుటతో ఇది సామాన్యులకు అందుబాటులోనికి వచ్చినది. వీపునకు కట్టుకొనునది ఆక్సిజన్ సిలిండరు అని అందరును అనుచుందురు గాని, సాధారణముగా దానిలో ఉండునది మనము పీల్చు గాలియే, గట్టిగా కుదించినది. పీఏడీఐ వంటి అంతర్జాతీయ సంస్థలు పదేండ్ల వయసు నిండిన పిల్లలకు తొలి శిక్షణ నిచ్చుచున్నవి. కొలనులో అభ్యాసము ముగించి, సముద్రమున నాలుగుమార్లు దిగి నేర్పు చూపిన పెద్దవారికి పదునెనిమిది మీటర్ల లోతువరకు దిగు యోగ్యతాపత్రము లభించును. ఇతరులను వెంటబెట్టుకొని దిగు డైవ్‌మాస్టరు కావలెనన్నచో పదునెనిమిదేండ్లు నిండవలెను; ఆ పైమెట్టు శిక్షకుడు. శిక్షకుని వృత్తి గౌరవప్రదమైనదే, ఇతరుల ప్రాణములను చేతిలో పెట్టుకొను బాధ్యత గలదే. అయినను వర్షఋతువున కడలి కల్లోలమైనప్పుడు ఆ పని ఆగును, యాత్రికులు రానప్పుడు ఆగును. ఆ వృత్తియందే నిలువదలచిన యువకుడు కంప్రెసరు బాగుచేయుట, పడవ ఇంజను నడపుట, ప్రథమచికిత్స, రెండుమూడు భాషలు నేర్చినచో, కష్టకాలమున నిలదొక్కుకొనగలడు.

ఇక పరిశ్రమలవైపు చూతము. విశాఖ, గంగవరము, కాకినాడ, కృష్ణపట్టణము రేవులలో ఓడల అడుగుభాగములను పరీక్షించుటకు, ప్రొపెల్లర్లకు చుట్టుకొన్న వలలను కోయుటకు, ధక్కాల పునాదులను చూచుటకు డైవర్లు కావలెను. ఆనకట్టల గేట్లకు, వంతెనల స్తంభములకు, సముద్రమున పరచిన గొట్టములకును కావలెను. ఈ పనిచేయువాడు సాధారణముగా సిలిండరును నమ్ముకొనడు. పైనుండి గొట్టము ద్వారా గాలి వచ్చుచుండును, దానితోపాటు టెలిఫోను తీగ ఉండును, ఒడ్డున నొకడు సదా చెవియొగ్గి యుండును. నీటిలో ఇనుము కోయు విధము చూడుడు: నడుమ బోలుగా నుండు కడ్డీగుండ ఆక్సిజన్ ప్రవహించుచుండ, దాని కొనయందు విద్యుత్తు రగిల్చిన వేడికి కాగిన ఇనుము ఆ వాయువు తాకిడికి కాలి విడిపోవును. ఆ విద్యుత్తు ఏకముఖప్రవాహమే కావలెను, ఏకాంతరప్రవాహమైనచో చేయువాని ప్రాణమునకే ముప్పు. ఈ నేర్పును నీటిలో మొదలుపెట్టి నేర్చుట సాధ్యమా? ఐటీఐలో గాని కార్ఖానాలో గాని వెల్డింగు చక్కగా నేర్చి, కన్నులు మూసికొనియు అతుకు వేయగల చేయి సంపాదించినవాడే అడుగున రాణించును.

లోతు పెరిగినకొలది దేహధర్మము కూడ మారును. ప్రతి పది మీటర్లకు ఒక వాతావరణపు ఒత్తిడి హెచ్చుచుండ, గాలిలోని నత్రజని రక్తమాంసములలో కరగి చేరుచుండును. వేగముగా పైకి వచ్చినచో, మూత తీసిన సోడాబుడ్డిలోవలె అది బుడగలై కీళ్లను, నరములను బాధించి, ఒక్కొక్కప్పుడు ప్రాణమే తీయును. ఏ లోతునుండి ఎంత మెల్లగా రావలెనో తెలుపు పట్టికలను 1908లో హాల్డేన్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ప్రకటించెను. మిక్కిలి లోతున పనిచేయు డైవర్లు ఓడపైన ఒత్తిడి నింపిన గదిలోనే వారములతరబడి నివసించుచు, హీలియము కలిపిన ఆక్సిజన్ పీల్చుచు, పని ముగిసిన తరువాత మెల్లమెల్లగా ఒత్తిడి తగ్గించుకొని బయటికి వత్తురు; మూడువందల మీటర్ల లోతునుండి అట్లు తేరుకొనుటకు సుమారు పది దినములు పట్టును. అట్టి సాధనసంపత్తి గల ఐఎన్ఎస్ నిస్తార్ అను నౌకను మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డువారే నిర్మింపగా, 2025 జులై 18వ తేదీన అది నౌకాదళమున చేరినది. 1971 డిసెంబరులో విశాఖకు చేరువలో మునిగిన పాకిస్తాను జలాంతర్గామి ఘాజీని పరీక్షింప దిగిన డైవర్లకు ఆధారమైన ఓడ పేరును నిస్తారే. నౌకాదళమునకు కొచ్చిలో డైవింగు పాఠశాల కలదు. క్రమశిక్షణకు జంకని బిడ్డకు అదియొక రాజమార్గము.

మనుష్యుడు దిగలేని లోతులును కలవు. కృష్ణా గోదావరి బేసినులో సహజవాయువు తీయు బావులు కొన్ని వేయి మీటర్లకు మించిన లోతున ఉన్నవి. అచ్చటి కవాటములను త్రిప్పునది ఓడపై కూర్చున్న మనిషి నడపు యంత్రము. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు ముగ్గురిని ఆరువేల మీటర్ల లోతునకు పంపదలచి మత్స్య 6000 అను వాహనమును సిద్ధపరచుచున్నారు. ఎలక్ట్రానిక్సు, యంత్రశాస్త్రము ఇష్టపడు బాలునకు, ఒడలు తడియకున్నను సముద్రముతోడి అనుబంధము తెగని జీవిక ఇది.

నాకు మిక్కిలి ప్రియమైన మార్గము వేరొకటి కలదు, అది సముద్ర పురాతత్త్వము; దానిని గూర్చి మన ఇండ్లలో ఎవ్వరును తలంపరు. పురాతత్త్వవేత్త ఎస్.ఆర్. రావుగారు 1955 నుండి లోథాల్‌లో హరప్పా నాగరికతకు చెందిన రేవుపట్టణమును త్రవ్వించి, నేలమీది పురాతత్త్వమున పేరుపొందిన పిదప, గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థయందు సముద్ర పురాతత్త్వ విభాగమునకు ఆద్యులై, ద్వారక తీరమున నీటి అడుగున అన్వేషణ సాగించిరి. నేలను చదువుట వచ్చినవానికే నీటి అడుగున ఉన్న రాతి అర్థము తెలిసినది. మన తీరమున మోటుపల్లి అను పూర్వపు రేవు ఉన్నది. కాకతి గణపతిదేవుడు 1244-45లో అచ్చట వేయించిన అభయశాసనమున, తుపానుకు పగిలి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు అపహరించుచుండిరనియు, తాను సుంకము మాత్రమే గ్రహించి తక్కినది వర్తకులకే విడిచిపెట్టుదుననియు ప్రకటించెను. ఓడలు పగులుట అంత సామాన్యమైనచో, వాని అవశేషములు ఈ తీరపు బురదలోను ఇసుకలోను ఎక్కడనో ఉండవలెను గదా! 1839 తుపానుకు నాశమైన కోరంగి రేవు సంగతియు అంతే. వీనిని వెదకువానికి సంస్కృతాంధ్ర శాసనములు చదువు పాండిత్యము కావలెను, బురదనీటిలో తాడు పట్టుకొని కొలతలు తీయు ఓర్పును కావలెను. తెలుగు, చరిత్ర అభిమానించు పిల్లను ఇంజినీరింగునకు నెట్టు తల్లిదండ్రులు ఒక్క క్షణమాగి ఈ సంగతిని ఆలోచింపవలెనని నా కోరిక.

జీవశాస్త్రమున అభిరుచి గలవారికి మార్గము మరింత స్పష్టము. 1950ల తొలినాళ్లలో అమెరికానుండి ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చిన యూజీన్ లాఫాండ్ అను ఆచార్యుడు, ఇచ్చటి విద్యార్థులను వెంటబెట్టుకొని బంగాళాఖాతమును పరిశోధించి, దాని అడుగున కనుగొన్న లోయలకు ఆంధ్ర, కృష్ణ, మహదేవన్ అను పేర్లు పెట్టెను. ఆ విశ్వవిద్యాలయమున సముద్రజీవ విద్య నేటికిని కలదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు విశాఖలో శాఖ కలదు. సముద్రసమాచారమును దేశమునకందించు ఇన్‌కాయిస్ సంస్థ హైదరాబాదులో ఉన్నది. అయితే పిల్లలకు ముందే చెప్పవలసిన మాట యొకటి: పగడపుదిబ్బను పరిశీలించు శాస్త్రజ్ఞుడు కొలతపట్టీ పరచి, దానిక్రింద ఏ జీవి ఎంతమేర ఉన్నదో పలకపై వ్రాసికొని, గంటలోపలనే పైకి వచ్చి, ఆ గంట పోగుచేసిన అంకెలతో వారములు బల్లముందు గడపును. ఆ బల్లను సహింపలేనివారికి ఈ విద్య తగదు. సిల్వియా ఎర్ల్ అను అమెరికా విదుషి సముద్రపు నాచులపై డాక్టరేటు పొంది, 1970లో వర్జిన్ దీవులయొద్ద నీటి అడుగున నిర్మించిన ఇంటిలో మరి నలుగురు స్త్రీలతో రెండు వారములు నివసించి పరిశోధన చేసెను. మా అమ్మాయికి ఇది కుదరునా యని సందేహించు తల్లికి ఈ ఒక్క ఉదాహరణము చాలును.

కడపటి మార్గము, నీట మునిగినవారిని వెలికితీయు పని, నా మనసును బాధించునది. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరువద్ద పర్యాటకుల పడవ మునిగినప్పుడు, లోతును సుడులును ఎందరినో వెనుకకు మరల్చగా, కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము లంగరులతో, ఇనుపతాళ్లతో పట్టువిడువక పోరాడి, విశాఖనుండి వచ్చిన డైవర్లు అడుగునకు దిగి తోడ్పడగా, అక్టోబరు 22న ఆ పడవను పైకి తీసికొనివచ్చెను. జాతీయ విపత్తు స్పందనదళమున శిక్షితులైన డైవర్లు కలరు, ఆ కొలువు కోరదగినది. కాని కాలువలోనో చెరువులోనో బిడ్డ మునిగినప్పుడు పోలీసులు మొదట పిలుచునది గజ ఈతగాళ్లను. వారిలో పెక్కుమంది మత్స్యకారులు. తాత తండ్రులనుండి వచ్చిన ఊపిరిబలము తప్ప వారికి యోగ్యతాపత్రము లేదు. ప్రమాదము జరిగినచో కుటుంబమునకు భరోసా లేదు. డబ్బు గలవారి పిల్లలు రుసుము కట్టి నేర్చుకొను విద్య, జాలరిపేటలోని బిడ్డకు పుట్టుకతోనే సగము వచ్చియుండియు జీవికగా మారకపోవుట అన్యాయము.

ఈ దారిలో బిడ్డను పంపదలచిన తల్లిదండ్రులు మొట్టమొదట వైద్యుని చూడవలెను. ఉబ్బసము, మూర్ఛ, కర్ణభేరి లోపములు ఉన్నచో దాచిపెట్టరాదు. పైన చిన్నవిగా తోచినవే అడుగున ప్రాణాంతకములు. సాధనముల సాయము లేక రెండువందల మీటర్లు ఈదుటయు, పది నిమిషములు తేలియుండుటయు రావలెను. డైవింగు చేసి పదునెనిమిది గంటలైనను కాకముందే విమానమెక్కరాదను నియమమును అండమాను యాత్రికులు పలువురు ఎరుగరు. ఇంటర్మీడియేటు ముగియునంతవరకు డైవింగును ఏటికి కొన్ని దినముల అభ్యాసముగా ఉంచి, ఆ లోపల వెల్డింగా, జీవశాస్త్రమా, చరిత్రయా, ఎలక్ట్రానిక్సా అని బిడ్డనే తేల్చుకొననిండు. కెమెరాయందు ఆసక్తి ఉన్నచో అదియును ఒక విద్యయే.

ప్రభుత్వమునకు ఒక్క విన్నపము. దాదాపు వేయి కిలోమీటర్ల తీరము గల మన రాష్ట్రమున, ఓడలు కట్టు కార్ఖానాయు, విశ్వవిద్యాలయమును, తూర్పు నౌకాదళమును ఒక్కచోట గల విశాఖలో, పౌరులకు డైవింగు పనులు నేర్పు పాలిటెక్నిక్ శాఖను, చికిత్సకు ఒత్తిడిగదితో సహా, నెలకొల్పవలెను. అందు సగము చోట్లు జాలరి, వాడబలిజ మత్స్యకార కుటుంబముల పిల్లలకు రుసుము లేకుండ ఇయ్యవలెను. గజ ఈతగాళ్లను పరీక్షించి యోగ్యతాపత్రము, బీమా కల్పించుటను అచ్చటినుండియే మొదలుపెట్టవలెను.