భద్రతా సిబ్బందికి శిక్షణ: ధ్రువపత్రంతో సరిపోదు, ఆపద వేళ అక్కరకు రావాలి

ప్రత్యేక వ్యాసం

బ్యాంకులు, ఆసుపత్రులు, కళాశాలలు, కర్మాగారాలు, అపార్టుమెంట్లు... ఎక్కడికి వెళ్లినా ముందుగా ఎదురయ్యేది ప్రైవేటు సెక్యూరిటీ గార్డు. అగ్నిప్రమాదమో, దొంగతనమో, తొక్కిసలాటో సంభవించినప్పుడు పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది చేరుకునేలోగా అక్కడ ఉండేదీ ఆ గార్డే. ఆ తొలి నిమిషాలలో తీసుకునే నిర్ణయంపై అనేకుల ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. కనుక గార్డుల శిక్షణ ఏజెన్సీల అంతర్గత వ్యవహారం ఎంతమాత్రం కాదు. అది ప్రజాభద్రతకు సంబంధించిన అంశం.

చట్టం ఏమంటోంది?

ఈ రంగాన్ని క్రమబద్ధీకరించేందుకు పార్లమెంటు 2005లో ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. 2006 మార్చిలో ఇది అమలులోకి వచ్చింది. గార్డుగా నియమితులయ్యేవారు 18 ఏళ్లు నిండి 65 ఏళ్లు దాటని భారత పౌరులు లేదా కేంద్రం ప్రకటించిన దేశాల పౌరులై ఉండాలి. వారి పూర్వాపరాలను విచారించాలి. శారీరక ప్రమాణాలకు తగి ఉండటంతోపాటు నిర్దేశిత శిక్షణను వారు విజయవంతంగా పూర్తి చేసి ఉండాలి. ఈ శిక్షణ ఇప్పించే బాధ్యతను చట్టం లైసెన్సు పొందిన ఏజెన్సీపైనే ఉంచింది.

కేంద్రం 2006లో ప్రకటించిన నమూనా నియమావళి 100 గంటల తరగతి బోధన, 60 గంటల క్షేత్ర శిక్షణను తప్పనిసరి చేసింది. ఈ 160 గంటలను కనీసం 20 పనిదినాలలో ఇవ్వాలని నిర్దేశించింది. మాజీ సైనికులకు, మాజీ పోలీసులకు మాత్రం 40 గంటల తరగతులు, 16 గంటల క్షేత్ర శిక్షణ సరిపోతాయని పేర్కొన్నది. అగ్నిమాపక చర్యలు, ప్రథమ చికిత్స, జనసమూహ నియంత్రణ, గుర్తింపు పత్రాల పరిశీలన, పేలుడు పదార్థాలను గుర్తించడం, విపత్తు నిర్వహణ, పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు నమోదు విధానం మొదలైనవి పాఠ్యాంశాలు. రోజుకు 8 గంటలు బోధించినా ఈ శిక్షణ 20 రోజులు పడుతుంది. ఒకటి రెండు రోజుల పరిచయ తరగతి దీనికి సాటి రాదు.

శిక్షణ కొరవడితే...

2011 డిసెంబరులో కోల్‌కతాలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో సంభవించిన అగ్నిప్రమాదంలో దాదాపు 90 మంది మరణించారు. పొగను గమనించి సాయానికి వచ్చిన ఇరుగుపొరుగువారిని కాపలా సిబ్బంది లోనికి రానీయలేదని అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. లోనికి ఎవరినీ వదలవద్దన్న ఆజ్ఞ ఒక్కటే తెలిసిన గార్డు, ఆపద సమయంలోనూ దానినే పాటిస్తాడు. ఎప్పుడు తలుపు మూయాలో, ఎప్పుడు బార్లా తెరవాలో నేర్పేదే శిక్షణ.

చట్టపరమైన అవగాహన సైతం అంతే ముఖ్యం. యూనిఫాం ధరించినంత మాత్రాన గార్డుకు పోలీసు అధికారాలు సంక్రమించవు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 40వ సెక్షన్ ప్రకారం, తన సమక్షంలో నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ నేరానికి పాల్పడిన వ్యక్తిని సామాన్య పౌరుడు నిర్బంధించవచ్చు. అయితే అనవసర జాప్యం లేకుండా, 6 గంటలలోగా పోలీసులకు అప్పగించాలి. గార్డుకు ఉన్న అధికారమూ ఇంతే. అనుమానితుని గదిలో బంధించి కొడితే శిక్షార్హుడయ్యేది గార్డే. 2024కు పూర్వం శిక్షణ పొందినవారు పాత చట్టాలనే చదువుకున్నారు. వారికి కొత్త చట్టాలపై పునశ్చరణ తరగతులు అవసరం.

భారం ఎవరిది?

ఉపాధి వెతుక్కుంటూ పల్లె నుంచి పట్టణం చేరిన పేద కుటుంబీకుడు వేతనం లేకుండా 20 రోజులు శిక్షణలో గడపలేడు. ఫీజు సైతం అతనే చెల్లించవలసి వస్తే ఉద్యోగం అప్పుతో మొదలవుతుంది. మరోవైపు, తక్కువ ధరకు కాంట్రాక్టు దక్కించుకున్న ఏజెన్సీ ఖర్చు తగ్గించుకోవాలంటే ముందుగా కోత పడే అవకాశం ఉన్నది శిక్షణకే. ఫలితంగా చేతికి కర్ర, ఒంటికి యూనిఫాం ఇచ్చి మరునాడే గేటు వద్ద నిలబెట్టే పరిస్థితి ఏర్పడుతుంది.

అందువల్ల కాంట్రాక్టు ఇచ్చే సంస్థలు, ప్రభుత్వ కార్యాలయాలతో సహా, టెండరు నిబంధనలలోనే శిక్షణ వ్యయాన్ని, శిక్షణ కాలపు భృతిని విడిగా చూపాలి. విధులలో చేరే ప్రతి గార్డు శిక్షణ ధ్రువపత్రాన్ని పరిశీలించాలి. ఉత్తీర్ణుల జాబితాలను శిక్షణ సంస్థలు నియంత్రణాధికారికి సమర్పించాలని, శిక్షణ కేంద్రాలను ఏటా కనీసం 2 సార్లు తనిఖీ చేయాలని 2006 నమూనా నియమావళి పేర్కొన్నది. ఈ తనిఖీలు ఎంత పటిష్ఠంగా సాగితే ధ్రువపత్రానికి అంత విలువ ఉంటుంది.

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, అనుభవం ద్వారా అబ్బిన నైపుణ్యాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే విధానానికి చోటు కల్పించింది. ఏళ్ల తరబడి పనిచేస్తున్నవారికి ఇటువంటి గుర్తింపు సూపర్‌వైజర్ హోదాకు మెట్టు కాగలదు. అయితే ఇది చట్టం నిర్దేశించిన శిక్షణకు తోడు కావాలే గాని ప్రత్యామ్నాయం కారాదు.

అపార్టుమెంటు నివాసుల సంఘాలకు సైతం ఇందులో పాత్ర ఉంది. ఏజెన్సీని ఎంపిక చేసుకునేటప్పుడు నెలసరి ధరతోపాటు లైసెన్సు, గార్డుల ఫొటో గుర్తింపు కార్డులు, శిక్షణ ధ్రువపత్రాలు అడిగి చూడాలి. అగ్నిమాపక సాధనాన్ని ఎలా వాడాలో గార్డు చేత ఒకసారి చేయించి చూస్తే నిజం తేటతెల్లమవుతుంది. మన ఇంటికి, మన బిడ్డలకు కాపలా కాసే వ్యక్తికి తన పని నేర్చుకునే అవకాశం, ఆ కాలానికి వేతనం కల్పించడం ఆయనపై చూపే దయ కాదు. అది మన భద్రతకు మనం చెల్లించే కనీస మూల్యం.